ఇంటి కింద గ్యారేజీ: ఎత్తు, నేల, గాలి కుదిరాకే పనిముట్లు

సంక్షిప్తంగా: హైదరాబాద్‌లో సొంత ఇల్లు కట్టుకునేవారిలో కొందరు కింది భాగాన్ని కారు నిలపడానికే కాక, కారు పని స్వయంగా చేసుకోవడానికి కూడా వీలుగా కట్టించుకోవాలనుకుంటున్నారు. అలాంటి గ్యారేజీ ఎంతవరకు పనికొస్తుందన్నది కొనే పనిముట్ల మీద కన్నా, స్లాబు పడేనాటికే ఖాయమైపోయే మూడు అంశాల మీద ఎక్కువగా ఆధారపడుతుంది. అవి బీము కింద మిగిలే ఎత్తు, నేల బలమూ వాలూ, గాలి వచ్చిపోయే దారి. కారు కింద గుంత తవ్వుకోవాలన్న పాత ఆలోచన ఈ నగరపు నేలకు, వానకు చాలా చోట్ల నప్పదు. స్టిల్ట్‌ను, అంటే ఇంటి కింద పిల్లర్ల మధ్య తెరిచి ఉండే పార్కింగ్ భాగాన్ని, గోడలతో, షట్టర్‌తో పూర్తిగా మూసేయడం అంతకన్నా పెద్ద పొరపాటు.

పార్కింగ్ చోటు పనికి ఎందుకు చాలదు

ఆగి ఉన్న కారుకు తన పొడవు, వెడల్పు, ఒక తలుపు తెరుచుకునేంత సందు ఉంటే సరిపోతుంది. పని జరుగుతున్న కారుకు ఇవి కాక మనిషి మెసలడానికి కూడా చోటు కావాలి. చక్రం ముందు మోకాళ్ల మీద కూర్చోవాలి, బిగిసిపోయిన నట్టును పొడవాటి పానాతో లాగేటప్పుడు మోచెయ్యి వెనక్కి వెళ్లాలి, వెల్లకిలా పడుకుని కారు కిందికి జరగాలి, విప్పిన భాగాలను విప్పిన వరుసలోనే పక్కన పరచుకోవాలి. పార్కింగ్ కోసం గీసిన ప్లానులో ఇవేవీ లెక్కలోకి రావు.

ఇంట్లో ఏ పనులు చేసుకోవాలన్నది ముందుగా తేల్చుకుంటే డిజైన్ చాలావరకు తేలికవుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి వాహనాల పొగకు సంబంధించిన బీఎస్ 6 ప్రమాణాలు అమల్లోకి వచ్చాక ఇంజిన్‌లోనూ, పొగ నియంత్రణలోనూ సెన్సర్ల పాత్ర ఇంకా పెరిగింది. అక్కడ లోపం పట్టుకోవాలంటే స్కానర్, కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి. అరిగిపోయే భాగాల పని మాత్రం పెద్దగా మారలేదు. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, బ్యాటరీ, బెల్టులు, షాక్ అబ్జార్బర్లు ఇప్పటికీ జాకీ, పానాలు, నట్టు ఎంత బిగువుగా పట్టిందో చూపే టార్క్ రెంచితో కుదిరే పనులే. కాబట్టి ఇంటి గ్యారేజీ వీధి చివరి మెకానిక్ షెడ్డుకు నకలు కానక్కర్లేదు. కారును భద్రంగా అర మీటరు పైకి లేపి, మంచి వెలుతురులో, గాలి ఆడే చోట రెండు మూడు గంటలు పని చేసుకోగలిగితే ఈ జాబితాలో అధిక భాగం పూర్తవుతుంది.

ఇంటర్నెట్‌లో కనిపించే అందమైన గ్యారేజీలు ఎక్కువగా చలి దేశాలవి. అక్కడ వెచ్చదనం బయటికి పోకుండా గోడలకు పొరలు వేస్తారు, తలుపు మూసి పని చేస్తారు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటే ఊరికి కావలసింది దీనికి పూర్తిగా విరుద్ధం. ఇక్కడ నీడ ఉండాలి, గాలి ఆడాలి, జల్లు లోపలికి కొట్టకూడదు. ఈ మౌలికమైన తేడాను పట్టించుకోకుండా బొమ్మ చూసి కట్టించుకున్నవే తర్వాత సామాను గదులుగా మారుతుంటాయి.

పిల్లర్ల లెక్క

నగరంలో విరివిగా కనిపించే 200 గజాల స్థలం సాధారణంగా 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు ఉంటుంది. 30 అడుగులంటే 9.1 మీటర్లు. రెండు పక్కలా ఒక్కో మీటరు ఖాళీ వదిలితే కట్టడానికి మిగిలేది 7.1 మీటర్లు. ముందు వరుసలో 30 సెంటీమీటర్ల వెడల్పున్న పిల్లర్లు మూడు వస్తే, వాటి మధ్య 3.1 మీటర్ల చొప్పున రెండు చోట్లు ఏర్పడతాయి. మారుతి స్విఫ్ట్ వెడల్పు 1.735 మీటర్లు. దాన్ని సరిగ్గా మధ్యలో నిలిపితే ఇటు 68, అటు 68 సెంటీమీటర్లు మిగులుతాయి. 1.79 మీటర్ల వెడల్పున్న హ్యుందాయ్ క్రెటాకు మిగిలేది 65 సెంటీమీటర్లు. తలుపు తెరుచుకుని దిగడానికి ఇది చాలు గానీ, చక్రం ముందు కూర్చుని పని చేయడానికి 90 సెంటీమీటర్లయినా కావాలి.

ఖర్చు లేని పరిష్కారం ఒకటుంది. కారును మధ్యలో కాకుండా ఒక పక్కకు జరిపి నిలిపితే రెండో పక్క దాదాపు మీటరు చోటు దొరుకుతుంది. ఒక వైపు పని అయ్యాక కారును బయటికి తీసి, తిప్పి, వెనక్కి నడుపుకుంటూ లోపలికి తెస్తే రెండో వైపు కూడా అదే చోట పూర్తి చేయవచ్చు. పాత ఇళ్లలో చేయగలిగింది ఇంతే.

కొత్తగా కట్టేవారికి ఇంకో అవకాశం ఉంది. మధ్య పిల్లర్‌ను అర మీటరు పక్కకు జరిపితే ఒక వైపు 3.6, మరో వైపు 2.6 మీటర్లు వస్తాయి. పెద్దది కారు పనికి, చిన్నది ద్విచక్ర వాహనాలకు సరిపోతుంది. అయితే పిల్లర్ల మధ్య దూరం పెరిగే కొద్దీ వాటిని కలిపే బీము లోతు కూడా పెరుగుతుంది, అది ఎత్తును తినేస్తుంది. అందుకే ఈ మార్పును మేస్త్రీ మాట మీద కాకుండా, స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్క మీదే చేయాలి.

పొడవు విషయంలో అంత చిక్కు లేదు. 4 మీటర్లలోపు కార్లకు పన్ను తక్కువ కావడంతో మన మార్కెట్‌లో చాలా కార్లు ఆ కొలతలోనే తయారవుతున్నాయి. ఆరు మీటర్ల లోతు దొరికితే కారు పోగా రెండు మీటర్ల పైన మిగులుతుంది. అందులో 60 సెంటీమీటర్ల వెడల్పున్న పని బల్ల, దాని ముందు మనిషి నిలబడే చోటు ఇముడుతాయి.

బీము కింద మిగిలే ఎత్తు

స్టిల్ట్ ఎత్తు 10 అడుగులని చెప్పినప్పుడు అది సాధారణంగా స్లాబు వరకు లెక్క. బీము దానికన్నా 30 నుంచి 35 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. ఆ పైన ఎవరూ ముందుగా ఊహించనిది మరొకటి వస్తుంది. మొదటి అంతస్తు బాత్రూమ్ నుంచి వచ్చే పీవీసీ గొట్టాలు స్లాబు కింద వేలాడుతూ, నీరు పారడానికి వాలుగా సాగుతూ, వాసన రాకుండా నీరు నిలిపే వంపు (ట్రాప్) దగ్గర మరీ కిందికి వస్తాయి. పది అడుగులనుకున్న ఎత్తు గొట్టం కింద కొలిస్తే 2.4 మీటర్లకు పడిపోవచ్చు.

ఈ అంకె ఏ లిఫ్ట్ పెట్టుకోవచ్చో నేరుగా నిర్ణయిస్తుంది. మెకానిక్ షెడ్లలో కనిపించే రెండు స్తంభాల లిఫ్ట్ కారును 1.8 మీటర్ల దాకా లేపుతుంది. ఒకటిన్నర మీటర్ల ఎత్తున్న స్విఫ్ట్‌ను అంత పైకి లేపాలంటే 3.3 మీటర్ల ఖాళీ కావాలి. మామూలు స్టిల్ట్‌లో ఇది అసాధ్యం. మీటరు ఎత్తు లేపే కత్తెర లిఫ్ట్ మీద స్విఫ్ట్ 2.5 మీటర్ల దగ్గర ఆగుతుంది. బీముల మధ్య పడుతుంది గానీ గొట్టం కింద పట్టదు. అర మీటరు లేపే చిన్న లిఫ్ట్‌కు, జాకీతో లేపిన కారును మోసి ఉంచే జాకీ స్టాండ్లకు మాత్రం ఎక్కడా ఇబ్బంది లేదు, ఎత్తయిన ఎస్‌యూవీకి కూడా చోటు మిగులుతుంది.

గొట్టాల సమస్యకు పరిష్కారం కాగితం మీదే ఉంది, అదీ పైసా ఖర్చు లేకుండా. పై అంతస్తు బాత్రూమ్‌లను కారు పని జరిగే చోటుకు నేరుగా పైన కాకుండా, మెట్ల వైపుకో ఇంటి వెనక్కో జరిపిస్తే గొట్టాలు కారు మీదుగా పోవు. ప్లాను మీద పది నిమిషాల్లో అయ్యే ఈ మార్పు, స్లాబు పడ్డాక ఎంత ఖర్చు పెట్టినా సరిగా కుదరదు. స్టిల్ట్ ఎత్తునే పెంచాలనుకుంటే మెట్లు పెరుగుతాయి, భవనం ఎత్తు మీదా ప్రభావం పడుతుంది. కాబట్టి అనుమతికి దరఖాస్తు చేసే దశలోనే అది తేలాలి.

గుంత తవ్వాలా?

లిఫ్ట్‌కు ఎత్తు లేదనగానే మనసు గుంత వైపు పోతుంది. పాత సర్వీసింగ్ షెడ్లలో గుంతలోకి దిగి నిలబడి పని చేసే మెకానిక్‌ను చూసినవారికి ఇది సహజంగానే తోస్తుంది. కొలతలు కూడా కుదురుతాయి. చిన్న కారు ఎడమ, కుడి టైర్ల లోపలి అంచుల మధ్య సుమారు 1.3 మీటర్లు ఉంటుంది కనుక 80 సెంటీమీటర్ల వెడల్పు, మనిషి భుజాల లోతున్న గుంత మీదుగా కారు సులభంగానే వచ్చి నిలుస్తుంది. అసలు ఇబ్బంది నేలతో, నీటితో, గాలితో వస్తుంది.

హైదరాబాద్ గ్రానైట్ రాతి మీద నిలిచిన ఊరు. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ లాంటి ఎత్తు ప్రాంతాల్లో కొద్ది అడుగులు తవ్వగానే పరుపులా పరుచుకున్న గట్టి రాయి (షీట్ రాక్) తగులుతుంది. దాన్ని బ్రేకర్‌తో పగలగొట్టాలంటే గుంత ఖర్చు లిఫ్ట్ ఖర్చును దాటిపోవచ్చు. మొరం నేలలో తవ్వకం సులువే గానీ, చెరువుల దిగువన ఉన్న కాలనీల్లో వానాకాలం రాగానే భూమిలోని నీరు పైకి వచ్చి గోడల సందుల్లోంచి ఊరుతుంది. శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు నల్లరేగడిలో ఇంకో చిక్కు. తడిస్తే ఉబ్బి, ఎండితే ముడుచుకునే ఆ మట్టి గుంత గోడలను ఏటా నెడుతూనే ఉంటుంది. 2020 అక్టోబర్ వరదల్లో నగరంలో ఎన్నో సెల్లార్లు నీట మునిగి, వాటిలోని వాహనాలు పాడయ్యాయి. నేల మట్టం కన్నా కింద ఏది కట్టినా ఆ అనుభవాన్ని లెక్కలోకి తీసుకోక తప్పదు.

నీటి కన్నా పెద్ద ప్రమాదం కంటికి కనపడనిది. పెట్రోలు ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు. మైనస్ 40 డిగ్రీల దగ్గర కూడా అంటుకునేంత ఆవిరిని పెట్రోలు విడుస్తుంది, మన ఎండలో చెప్పనక్కర్లేదు. ఫ్యూయల్ పైపు విప్పినప్పుడు చిందిన కొద్దిపాటి పెట్రోలు నుంచి లేచిన ఆవిరి నేల మీద నీరులా పారి గుంతలోకి చేరి అక్కడే నిలిచిపోతుంది. లోపల మామూలు బల్బు పగిలినా, గ్రైండర్ నిప్పురవ్వ పడినా చాలు. అందుకే గుంత ఉన్న చోట అడుగు నుంచి గాలిని లాగేసే ఏర్పాటు, 24 వోల్టులకు మించని దీపం, బయటికి రావడానికి రెండో చివర కూడా మెట్లు తప్పనిసరి అవుతాయి. ఇన్ని జాగ్రత్తలకు అయ్యే ఖర్చు, ఏడాది పొడవునా దాని మీద కప్పి ఉంచాల్సిన చెక్కలు, వాటి మధ్య పిల్లల కాలు జారే భయం కలిపి చూస్తే, ఇంటి అవసరానికి గుంత కన్నా మంచి జాకీ, నాలుగు స్టాండ్లు, గట్టి నేల చాలా మెరుగైన ఏర్పాటు.

నేల: తాండూరు బండ ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ ఓడుతుంది

హైదరాబాద్ ఇళ్ల పార్కింగ్‌లో తాండూరు బండ, షాబాద్ బండ తరతరాలుగా వాడుకలో ఉన్నాయి. దగ్గరలో దొరుకుతాయి, చల్లగా ఉంటాయి, టైర్ల బరువును తేలికగా మోస్తాయి. టైరు మోపే బరువు అరచేయంత చోటులో పరుచుకుంటుంది కాబట్టి బండ మీద ఒత్తిడి తక్కువ. జాకీ సంగతి వేరు. కారు ముందు భాగాన్ని లేపినప్పుడు ట్రాలీ జాకీ చిన్న ఇనుప చక్రాల మీద కొన్ని వందల కిలోలు పడతాయి, ఆ చక్రం నేలను తాకే చోటు వేలి గోరంత. బండ కింద సున్నం, ఇసుక పరుపు ఎక్కడైనా గుల్లగా ఉంటే బండ అక్కడే పగులుతుంది. గుల్లను ముందుగా కనిపెట్టడం కష్టమేమీ కాదు. సుత్తి పిడితో తట్టుకుంటూ పోతే నిండుగా కూర్చున్న బండ గట్టిగా, గుల్లగా ఉన్నది డప్పులా పలుకుతుంది. పార్కింగ్ టైల్స్‌కూ ఇదే పరీక్ష.

పగలడం కన్నా ప్రమాదకరమైనది జాకీ జారడం. ట్రాలీ జాకీ చెయ్యి నిటారుగా లేవదు, వంపుగా లేస్తుంది. కాబట్టి కారు పైకి వెళుతున్న కొద్దీ జాకీ తన చక్రాల మీద కొన్ని అంగుళాలు కారు కిందికి దొర్లాలి. రెండు బండల మధ్య అతుకులో చక్రం ఇరుక్కుంటే ఆ దొర్లడం ఆగిపోతుంది, బదులుగా జాకీ తల కారు అడుగున జరుగుతుంది. బయటి నుంచి చూసేవారికి జాకీ కదలకుండా నిలబడినట్టే కనిపిస్తుంది, నిజానికి అది పట్టు వదులుతోంది. అతుకులు నిండుగా, నున్నగా లేని బండ మీద జాకీ వాడకూడదనడానికి కారణం ఇదే.

బండకు ఇంకో బలహీనత ఉంది. తాండూరు బండ సున్నపురాయి జాతికి చెందింది. బ్యాటరీ ఆమ్లం ఒక్క చుక్క పడితే నురగ లేచి తెల్లటి మచ్చ మిగులుతుంది. పాలిష్ చేసిన బండ మీద ఆయిల్ పడితే మనిషి జారతాడు, పాలిష్ చేయని బండ ఆయిల్‌ను పీల్చుకుంటుంది. రంపపు పొట్టు చల్లి వెంటనే ఊడ్చేస్తే మచ్చ కొంత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు.

కారు పని జరిగే చోట మటుకు కాంక్రీటే సరైన నేల. చిన్న లిఫ్ట్ బిగించే ఆలోచన ఉంటే మొరం బాగా దిమ్మిస చేసి, దాని మీద 150 మిల్లీమీటర్ల మందాన ఎం25 బలమున్న కాంక్రీటు వేయించడం మేలు. లిఫ్ట్ తయారీదారులు తరచూ 3,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) కాంక్రీటు కావాలంటారు. లెక్క కట్టి అది ఎం20 అనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. అమెరికా కొలత స్తంభాకారపు నమూనాను పగలగొట్టి చూసేది, మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఘనాకారపు నమూనాను పరీక్షిస్తారు. ఒకే కాంక్రీటు ఘనంలో ఎక్కువ బలం చూపుతుంది కాబట్టి వారి 3,000కు దగ్గరగా వచ్చేది మన ఎం25. మడులు కట్టి నీరు నిలపడం కనీసం ఏడు రోజులు, వేసవిలో పది రోజులు సాగాలి. 28 రోజులు నిండకుండా లిఫ్ట్‌ను నేలకు పట్టి ఉంచే యాంకర్ బోల్టులు బిగించకూడదు.

వాలు విషయంలో రెండు అవసరాలు ఢీకొంటాయి. కడిగిన నీరు బయటికి పోవాలంటే వాలు ఉండాలి, జాకీ స్టాండ్ల మీద కారు నిలవాలంటే నేల సమంగా ఉండాలి. మీటరుకు ఒక సెంటీమీటరు వాలు పెడితే 2.45 మీటర్ల దూరంలో ఉన్న స్విఫ్ట్ ముందు, వెనక చక్రాల మధ్య రెండున్నర సెంటీమీటర్ల తేడా వస్తుంది. కంటికి ఆనని ఈ వాలు కూడా కారు దొర్లడానికి కారణం కావచ్చు. చాలా కార్లలో హ్యాండ్‌బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే. వెనక భాగాన్ని లేపగానే ఆ చక్రాలు నేలను వదిలేస్తాయి, ఇక కారును ఆపేది గేరు, ముందు చక్రాలకు పెట్టిన అడ్డు దిమ్మలు మాత్రమే. కారు నిలిచే భాగాన్ని సమంగా ఉంచి, వాలును చుట్టూ అంచులకు, గేటు ముందు అడ్డంగా వేసే జాలీ కాలువకు పరిమితం చేస్తే రెండు అవసరాలూ తీరతాయి.

సంపు సంగతి విడిగా చెప్పుకోవాలి. నల్లా నీళ్లు పట్టే సంపు చాలా ఇళ్లలో కారు నిలిచే చోటే, నేల కింద ఉంటుంది. ఆ కప్పు మీద జాకీ బరువు పడటం ఒక ఇబ్బంది, మూత అంచుల్లోంచి ఆయిల్, ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ తాగే నీళ్లలోకి దిగడం అంతకు మించిన ప్రమాదం. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. కొత్త ఇంట్లో సంపును పక్క ఖాళీ స్థలంలోకి మార్చడం ఉత్తమం. పాత ఇంట్లో కనీసం మూత చుట్టూ నాలుగు అంగుళాల గట్టు కట్టి, పని జరిగే చోటును దానికి దూరంగా ఎంచుకోవాలి.

గాలి: ఏది పైకి, ఏది కిందికి

గ్యారేజీలో పుట్టే వాయువులన్నీ ఒకే దారిలో పోవు. పెట్రోలు ఆవిరి, ఎల్పీజీ నేలను అంటి పారతాయి. సీఎన్జీలో ఉండే మీథేన్ గాలి కన్నా తేలిక కనుక స్లాబు కిందికి చేరుతుంది. బ్యాటరీ చార్జ్ అవుతున్నప్పుడు వెలువడే హైడ్రోజన్ కూడా అంతే. సైలెన్సర్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ బరువు దాదాపు గాలి బరువే. అది పైకీ పోదు, కిందికీ దిగదు, గదంతా కలిసిపోతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో ఇంజిన్ నడిస్తే కొద్ది నిమిషాల్లోనే ప్రాణాంతకమైన స్థాయికి చేరగలదు. ఒక కిటికీ, ఒక ఫ్యాన్ పెట్టేస్తే సరిపోతుందనే ఊహ ఇక్కడే తప్పుతోంది. నేల మట్టంలో ఒక దారి, పైన బీముల దగ్గర మరొకటి, మధ్యలో అడ్డంగా వీచే గాలి కావాలి.

ఈ మూడూ తెరిచి ఉన్న స్టిల్ట్‌కు పుట్టుకతోనే ఉన్నాయి. దుమ్ము అనో, దొంగల భయం అనో మూడు వైపులా గోడ లేపి, ముందు షట్టర్ దించినప్పుడే అవి పోతాయి. సామాను భద్రతకు తాళం వేసే ఇనుప బీరువా చాలు, దాని కోసం మొత్తం చోటును మూసేయడం అనవసరం. గోడ కావాలనుకున్నా నేల దగ్గర అర అడుగు జాలీ, పైన రెండు అడుగుల గ్రిల్ వదలాలి. వానాకాలపు గాలి ఇక్కడ పడమటి వైపు నుంచి వీస్తుంది, మధ్యాహ్నపు ఎండా అటు నుంచే. ఆ వైపు సిమెంటు జాలీ కట్టించి, తూర్పు, ఉత్తరాలను తెరిచి ఉంచితే జల్లు, ఎండ తగ్గి గాలి మిగులుతుంది.

నిప్పు ఎక్కడి నుంచి రావచ్చో కూడా చూడాలి. మన ఇళ్లలో బోరు మోటారు స్టార్టర్, ఇన్వర్టర్, దాని బ్యాటరీలు అలవాటుగా మెట్ల కిందే ఉంటాయి, అంటే కారుకు పక్కనే. పైన ట్యాంకు ఖాళీ అయిందని ఇంట్లోవారు మోటారు వేసిన ప్రతిసారీ ఆ స్టార్టర్‌లో చిన్న నిప్పురవ్వ పుడుతుంది. అదే సమయంలో కింద ఎవరో ఫ్యూయల్ ఫిల్టర్ మారుస్తూ ఉండవచ్చు. అమెరికా గ్యారేజీ నిబంధనల్లో నిప్పు పుట్టించే పరికరాలను నేల నుంచి 18 అంగుళాల పైన ఉంచాలన్న నియమం పెట్రోలు ఆవిరి బరువును బట్టి వచ్చిందే. ఇక్కడ స్టార్టర్‌ను నాలుగు అడుగుల ఎత్తుకు మార్చి, ఇంధనం పని జరిగినంతసేపు మోటారు మెయిన్ ఆపేయడం ఒక ఎలక్ట్రీషియన్ పూట పనితో తీరేది.

కరెంటు, వెలుతురు

రెండు హార్స్‌పవర్ కంప్రెసర్ నడిచేటప్పుడు ఒకటిన్నర కిలోవాట్లే తీసుకుంటుంది గానీ, మొదలయ్యే క్షణంలో దాని మోటారు మామూలు కన్నా ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. సన్నటి వైరు మీద వోల్టేజీ ఆ క్షణంలో పడిపోయి మోటారు తిరగకుండా మూలుగుతూ వేడెక్కుతుంది. ఎండాకాలం సాయంత్రాల్లో వోల్టేజీ అసలే తక్కువగా ఉన్నప్పుడు వైండింగ్ కాలిపోయేది ఇలాగే. మీటరు బోర్డు నుంచి గ్యారేజీకి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, కరెంటు మితిమీరితే ఆపేసే సొంత ఎంసీబీ, తడి నేల మీద పని కాబట్టి షాక్ తగిలితే ఆపేసే 30 మిల్లీయాంపియర్ల ఆర్సీసీబీ ఉండాలి. విద్యుత్ కారు ఇప్పుడు లేకపోయినా 7.2 కిలోవాట్ల చార్జర్ పట్టేంత పైపును గోడలో వేయించి ఉంచడం, తర్వాత గోడ పగలగొట్టడం కన్నా తేలిక.

వెలుతురుకు చిన్న లెక్క చాలు. దీపం ఇచ్చే వెలుగును ల్యూమెన్లలో, చదరపు మీటరుకు పడే ల్యూమెన్లను లక్స్‌లో కొలుస్తారు. పని జరిగే చోట 500 లక్స్ కావాలనుకుంటే 3.1 మీటర్ల వెడల్పు, ఆరు మీటర్ల లోతున్న చోటుకు, అంటే దాదాపు 19 చదరపు మీటర్లకు 9,500 ల్యూమెన్లు. బీముల నీడ, దుమ్ము వల్ల పోయేది కలుపుకుంటే 13,500 దాకా. 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబు ఒకటి సుమారు 2,000 ల్యూమెన్లు ఇస్తుంది కనుక ఏడు ట్యూబులు. అవన్నీ కారు నడినెత్తిన పెడితే వెలుగంతా కారు పైకప్పు మీద పడి, పని జరిగే చక్రం దగ్గర చీకటి మిగులుతుంది. రెండింటిని పిల్లర్లకు నిలువుగా, మోకాలి ఎత్తు నుంచి మొదలయ్యేలా బిగిస్తే ఆ చీకటి పోతుంది.

ఇరుగుపొరుగు, నిబంధనలు, పాత ఆయిల్

స్టిల్ట్ అనుమతి పార్కింగ్ కోసమే ఇస్తారు. సొంత కారు పని అక్కడ చేసుకోవడం వేరు, గోడలు లేపి గదిగా మార్చడం వేరు, డబ్బు తీసుకుని ఇతరుల కార్లు బాగు చేయడం ఇంకా వేరు. చివరిది వ్యాపారం కిందికి వస్తుంది, దానికి ట్రేడ్ లైసెన్సు, వాణిజ్య విద్యుత్ కనెక్షన్ వంటివన్నీ అవసరమవుతాయి. అపార్ట్‌మెంట్‌లో కేటాయించిన పార్కింగ్ చోట నేలకు రంధ్రాలు వేసి లిఫ్ట్ బిగించడానికి యజమానికి ఒంటరిగా హక్కు ఉండదు. అక్కడ జాకీ, స్టాండ్ల వరకే ఆలోచించాలి. ఇంటి ముందు ర్యాంపును రోడ్డు మీదికి చాచడం నగరంలో అలవాటుగా మారినా అది ఆక్రమణే. వాలు గేటు లోపలే ముగిసేలా నేల ఎత్తును ముందుగా లెక్క వేసుకోవాలి.

శబ్ద కాలుష్య నియమాలు 2000 ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు పరిమితి. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 వరకు. పిస్టన్ కంప్రెసర్ దగ్గర నిలబడితే 80 డెసిబెళ్ల పైనే వినిపిస్తుంది, పక్కింటి పడకగది మీటరు దూరంలో ఉండే కాలనీల్లో అది గోడ దాటకుండా ఉండదు. కంప్రెసర్‌ను రబ్బరు దిమ్మల మీద, వీధి వైపు పిల్లర్ దగ్గర పెట్టి, పగటి పూటే నడపాలి.

ఇక మిగిలేది పాత ఆయిల్. చిన్న కారు ఆయిల్ మార్చిన ప్రతిసారీ మూడు నాలుగు లీటర్లు బయటికి వస్తుంది. గేటు ముందు కాలువలో పోసినది వాననీటితో నాలాలోకి, అక్కడి నుంచి మూసీలోకి చేరుతుంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాలు వాడిన ఆయిల్‌ను అధీకృత రీసైక్లర్లకే చేర్చాలంటున్నాయి. ఇంటి నుంచి నేరుగా రీసైక్లర్ దాకా వెళ్లడం కుదరకపోతే, వారికి ఆయిల్ అప్పగించే సర్వీస్ సెంటర్‌ను ముందుగా మాట్లాడుకోవచ్చు. కొత్త ఆయిల్ వచ్చిన డబ్బానే పాత ఆయిల్ పట్టడానికి సరిపోతుంది. అందులో కూలెంట్ గానీ, బ్రేక్ ఆయిల్ గానీ, పెట్రోలు గానీ కలపకూడదు, కలిస్తే శుద్ధి చేయడం కష్టమై తీసుకోవడానికి ఒప్పుకోరు. పాత బ్యాటరీకి ఈ ఇబ్బంది లేదు, కొత్తది కొన్న దుకాణంలోనే దాన్ని తీసుకుని ధర తగ్గిస్తారు. పెట్రోలు మాత్రం గ్యారేజీలో నిల్వ ఉంచకపోవడమే మంచిది. అమ్మకానికి కాకపోతే 30 లీటర్ల వరకు లైసెన్సు లేకుండా ఉంచుకోవడానికి పెట్రోలియం చట్టం 1934 వీలు ఇస్తున్నా, ఆ పరిమితి పాత్రల రకం, పరిమాణం మీద షరతులతో కూడినది, పైగా మే నెల మధ్యాహ్నం స్లాబు కింద వేడెక్కిన డబ్బా మూత సందులోంచి ఆవిరి నిత్యం బయటికి వస్తూనే ఉంటుంది.